మూడో నంబరు కంప్యూటరు – నేను వ్రాసిన తప్పు కంప్లైంటు

 నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. పోయిన నెల మన గోడపత్రికలో జీడితోట గురించి వ్రాశాను. ఈ నెల కూడా అలాంటిదే వ్రాయమని ఎడిటరు అక్క అడిగింది. కాని నా మనసులో వేరే సంగతి ఉంది. అది కంప్యూటరు గురించి. కంప్యూటరు అనగానే చదవకుండా ఎల్లిపోకండి. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. తప్పులున్న వ్యాసమైతే మీరందరూ గోడ దగ్గర గుంపు కట్టి చదువుతారని నాకు తెలుసును.

మన ల్యాబులో ఆరు కంప్యూటర్లు ఉన్నాయి. పనిచేసేవి నాలుగు. ఐదు, ఆరు నంబర్ల మీద ఎప్పుడూ తువ్వాలు కప్పి ఉంటుంది. చిన్నపిల్లలు వాటిని చచ్చిపోయిన కంప్యూటర్లు అంటారు. పనిచేసే నాలుగింటిలో కెమెరా ఉన్నది మూడో నంబరుకు మాత్రమే. అందుకే శనివారం సాయంత్రం దానికి అంత గిరాకీ. దూరం ఊర్ల పిల్లలు ఇంటోళ్ళతో వీడియోలో మాట్లాడుకోవడానికి మేడమ్ గారు పర్మిషను ఇచ్చారు కదా, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఫోను పట్టుకొని కొండ మీది సిగ్నలు బండ ఎక్కి కూర్చునే అమ్మానాన్నలు ఉన్నారు. పనికి పోయి చెన్నైలోనో హైదరాబాదులోనో ఉండిపోయిన అన్నలున్నారు. వాళ్ళ మొహం చూసే మూడు నిమిషాలు అవి.

నేను ల్యాబు లీడరును. తాళం నా దగ్గర ఉండదు గాని, రిజిస్టరు నా దగ్గర ఉంటుంది.

జులైలో ఒక శనివారం ఇలా జరిగింది. సాయంత్రం నాలుగింటికి ఆరో తరగతి పిల్లలు ల్యాబులోకి వచ్చారు. ఒక చెల్లి మూడో నంబరు దగ్గర కూర్చుంది. ఆమె పేరు వ్రాయను, వద్దని చెప్పింది. ఆమె సవర పిల్ల. బడిలో చేరి నెల కూడా కాలేదు, తెలుగు మాట్లాడటానికి భయపడేది. ఆమె పెన్సిలు జారి బల్ల వెనక్కి పడిపోయింది. దానికోసం బల్ల కిందికి దూరింది. అక్కడ తీగలన్నీ పాముల్లాగ చుట్టుకొని ఉంటాయి. నేను "ఒసే, బయటికి రా" అని అరిచాను. పెన్సిలు పట్టుకొని వచ్చీసింది.

ఐదింటికి ఫోన్ల టైమయింది. పదకొండుమంది వరసలో నిలబడ్డారు. నెట్టు లేదు. ఇది మనకు కొత్త కాదు. బయట స్తంభాల మీదుగా వచ్చే సన్నటి లైను కొమ్మ విరిగినా తెగుతుంది, కోతి ఊగినా తెగుతుంది. అలాంటప్పుడు కంప్యూటర్ సార్ తమ ఫోనును ల్యాబు కిటికీలో పెట్టి హాట్‌స్పాట్ వేస్తారు. (సార్ ఫోనులోనే మాట్లాడొచ్చు కదా అంటారేమో. కిటికీలో ఆ ఒక్క చోటే సిగ్నలు. చేతిలోకి తీస్తే పోతుంది.) సార్ ఆ రోజు కూడా ఫోను పెట్టారు. ఒకటి, రెండు, నాలుగు నంబర్లకు వాటంతట అవే నెట్టు వచ్చింది. మూడుకు రాలేదు. విచిత్రం ఏమిటంటే మూడో నంబరు తెర మీద నెట్టు బాగానే ఉన్నట్టు గుర్తు చూపిస్తోంది. కాని ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. ఆపి మళ్ళీ వేశాము. అలాగే ఉంది. టైమైపోయింది. ఆ రోజు పదకొండుమందిలో ఒక్కరూ మాట్లాడలేదు. ఐదుగురు ఏడ్చారు.

అప్పుడు నేను అందరి ముందూ "ఇదే బల్ల కిందికి దూరింది, ఇదే ఏదో లాగీసింది" అని ఆ చెల్లిని చూపించాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని మేమంతా అనుకున్నాము. నేను రిజిస్టరులో ఇలా వ్రాశాను: "మూడవ నంబరు కంప్యూటరు తీగలు లాగి పాడుచేసినది", పక్కన ఆమె పేరు, తరగతి. పదిహేను రోజులు ఆమె ల్యాబులోకి రాకూడదని అయింది. పదిహేను రోజులంటే రెండు శనివారాలు. వాళ్ళ అన్న చెన్నైలో బిల్డింగు పనికి పోయాడని అప్పటికి నాకు తెలీదు. అడగలేదు కూడా.

సోమవారం లైను బాగుచేశారు. మూడో నంబరుకు నెట్టు వచ్చింది. "సూశారా, ఎవరో తీగ సరిగ్గా గుచ్చీసుంటారు" అని నేనే అన్నాను. ఆ వారం సార్ ట్రైనింగుకు వెళ్ళిపోయారు, ఆ సంగతి అక్కడితో ముగిసింది.

రెండో వారం బుధవారం రాత్రి స్టడీ అవరులో గాలివాన వచ్చి లైను మళ్ళీ పోయింది. సార్ అప్పటికి వచ్చీసి ఉన్నారు, ఫోను కిటికీలో పెట్టారు. మళ్ళీ అదే. ఒకటి, రెండు, నాలుగు బాగున్నాయి. మూడుకు గుర్తు ఉంది, నెట్టు లేదు. ఆ చెల్లి ల్యాబు గడప తొక్కి పదకొండు రోజులయింది. మరి ఇప్పుడు లాగిందెవరు?

నా గుండె గుభేలుమంది. నిజం చెప్తున్నాను, ఆ మాట ఆ రాత్రి ఎవరికీ చెప్పలేదు. మరునాడు కూడా చెప్పలేదు. రిజిస్టరులో నా దస్తూరీతో ఉన్న లైను నాకు పదేపదే కనబడుతుండేది. గురువారం రాత్రి అన్నం దగ్గర నా స్నేహితురాలు "ఏటే, ఒంట్లో బాగులేదేటి?" అంటే అప్పుడు దానికి చెప్పాను. అది "సార్‌కి చెప్పీయ్, లేపోతే నేను చెప్పీస్తాను" అంది. శుక్రవారం చెప్పాను.

సార్ తిట్టలేదు. "తీగ లాగితే ఇలా అవుతుందని నీకెలా తెలుసు? లాగి చూశావా?" అని అడిగారు. చూడలేదన్నాను. "అయితే చూద్దాం" అని ఒక తెల్ల నోటుబుక్కు ఇచ్చి మూడు గడులు గియ్యమన్నారు. మొదటి గడిలో ఏం చేశాము. రెండో గడిలో ఏం జరుగుతుందనుకున్నాము. మూడో గడిలో ఏం జరిగింది. రెండో గడి ముందే వ్రాయాలి, జరిగాక వ్రాయకూడదు. జరిగాక వ్రాస్తే అందరూ "నేను అలాగే అనుకున్నాను" అంటారట.

మొదటి పరీక్ష. బయటి లైను బాగుంది, సార్ ఫోను హాట్‌స్పాట్ కూడా వేసి ఉంది. నేను బల్ల కింద దూరి మూడో నంబరు వెనక ఉన్న నెట్టు తీగను లాగాలి. రెండో గడిలో నేను ఇలా వ్రాశాను: "గుర్తు ఉంటుంది, నెట్టు పోతుంది". లాగాను. కొన్ని సెకన్లలో మూడో నంబరు సార్ ఫోనుకు తగులుకుంది. పేజీలన్నీ తెరుచుకున్నాయి! మళ్ళీ గుచ్చి మళ్ళీ లాగాను. మూడుసార్లు చేశాము. ఒకసారి చేస్తే పరీక్ష కాదన్నారు సార్. మూడుసార్లూ అంతే.

అంటే ఆ శనివారం ఆ చెల్లి నిజంగా తీగ లాగి ఉంటే, మూడో నంబరుకు నెట్టు వచ్చుండేది. పదకొండుమందీ మాట్లాడి ఉందురు. ఆమె లాగలేదు కాబట్టే రాలేదు. ఇది మూడో గడిలో వ్రాస్తుంటే నా చెయ్యి వణికింది.

రెండో పరీక్ష. ఈసారి కంప్యూటరు వెనక తీగ ముట్టుకోలేదు. గోడ మీది తెల్ల డబ్బాలోకి బయటి నుంచి వచ్చే సన్న తీగను సార్ తీశారు. అది ఫైబరు. లోపల వెంట్రుకంత గాజు పోగు ఉంటుంది, దానిలోంచి వెలుగు వస్తుంది. ఆ వెలుగు మన కంటికి కనబడదు గాని కంటికి మంచిది కాదు, ఆ కొసలోకి ఎవరూ తొంగి చూడకూడదు. అందుకే అది మమ్మల్ని తియ్యనివ్వలేదు. తీయగానే ఒకటో నంబరు కాసేపు కొట్టుకొని సార్ ఫోనుకు మారిపోయింది. మూడో నంబరు మాత్రం గుర్తు చూపిస్తూ బొమ్మలాగ కూర్చుంది. శనివారం జరిగింది సరిగ్గా ఇదే.

ఎందుకు ఇలా అని అడిగితే సార్ వెంటనే చెప్పలేదు. "మీ ఊళ్ళో కుళాయి ఉందా?" అన్నారు. మా ఊరికి కొండ ఊట నుంచి పైపు వస్తుంది. ట్యాంకులో పడుతుంది, ట్యాంకు నుంచి కుళాయికి. పైన పైపు పగిలిపోతే కుళాయి బాగానే ఉంటుంది, ట్యాంకు బాగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు. బిందె పట్టుకొని కుళాయి దగ్గరే నిలబడితే సాయంత్రం దాకా నిలబడాలి. మూడో నంబరు అలా బిందె పట్టుకొని నిలబడింది. కంప్యూటరు నుంచి తెల్ల డబ్బా దాకా తీగ బాగుంది, అందుకని అంతా బాగుందనుకుంది. మిగతా మూడూ తెలివైనవి, కుళాయి తిప్పి చూసి నీళ్ళు లేకపోతే గెడ్డకు పోయాయి.

ఇప్పుడు ఈ తీగా ఫోనా అని నిర్ణయించేది ఎవరో చెప్తాను. మన కంప్యూటర్లలో విండోస్ లేదు, లినక్స్ ఉంది. దానిలో నెట్‌వర్క్ మేనేజర్ అని ఒక ప్రోగ్రాము ఉంటుంది. రెడ్ హ్యాట్ అనే కంపెనీలో 2004లో మొదలుపెట్టారు. సి అనే భాషలో వ్రాశారు. దాన్ని ఎవరైనా తెరిచి చదవొచ్చు, మార్చొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. అందుకే దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది కూడా ఇలా అందరికీ తెరిచి ఉంది కాబట్టే. మనకు కనబడే గుర్తు చిన్నది గాని, వెనకాల ఈ మేనేజరు గారు ఎప్పుడూ పనిలోనే ఉంటారు. ఏ తీగ గుచ్చారు, ఏ వైఫై కనబడుతోంది, దేనిలోంచి పోవాలి అని చూసుకుంటారు.

ఎలా ఎంచుకుంటుందంటే, ఒక్కో దారికి ఒక్కో నంబరు వేస్తుంది. తీగకు 100. వైఫైకి 600. సిమ్ కార్డు నెట్టుకు 700. తక్కువ నంబరు ఏదైతే ఆ దారిలో పోతుంది. (పరీక్షల్లో ఎక్కువ మార్కులు మంచివి, ఇక్కడ ర్యాంకు లాగ తక్కువ మంచిది.) సార్ నల్ల తెరలో ఒక ఆర్డరు కొట్టి మూడో నంబరులో చూపించారు. తీగ 100, ఫోను 600. ఒకటో నంబరులో చూపించారు. తీగ 20100, ఫోను 600. నేను అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు. నెట్‌వర్క్ మేనేజర్ అప్పుడప్పుడు బయట ఒక అడ్రసుకు చిన్న పేజీ కోసం అడుగుతుంది. సరైన జవాబు వస్తే నెట్టు పూర్తిగా ఉన్నట్టు. రాకపోతే ఆ దారికి 20000 జరిమానా వేస్తుంది. 100కి 20000 కలిపితే 20100. ఇప్పుడు 600 తక్కువ కదా, ఫోను గెలిచింది. కూడికే! ఇన్ని రోజులు నేను ఒక పిల్ల మీద నింద వేసినదంతా ఒక కూడిక లెక్క.

మరి మూడో నంబరు జరిమానా ఎందుకు వెయ్యలేదంటే, అది అసలు అడగనే లేదు. ఒకటి, రెండు, నాలుగులో ఉబుంటు ఉంది. దానిలో ఈ అడిగే ఏర్పాటు ముందే పెట్టి ఉంది. మూడో నంబరు వేసవి సెలవుల్లో పాడైతే దానిలో డెబియన్ ఎక్కించారు. డెబియన్‌లో ఆ ఏర్పాటు వేరే మూటగా ఉంటుంది. దాని పేరు నెట్‌వర్క్-మేనేజర్-కాన్ఫిగ్-కనెక్టివిటీ-డెబియన్. పి.ఇ.టి. సార్ విజిలంత పొడుగు. మనది ఎక్కించినప్పుడు ఆ మూట వెయ్యలేదు. వేరేగా ఎందుకు పెట్టారో కూడా సార్ చెప్పారు. మన కంప్యూటరు మాటిమాటికీ ఒక అడ్రసును అడుగుతుంటే, అవతలివాళ్ళకు ఈ కంప్యూటరు వేసి ఉందని తెలుస్తుంటుంది. అది కొందరికి ఇష్టం ఉండదు. అందుకని కావాలన్నవాళ్ళే వేసుకోవాలి. ఇది నాకు న్యాయంగానే అనిపించింది. కాని మూడో నంబరుకు నెట్టు ఉందని గుర్తు చూపించడం మాత్రం నాకిప్పటికీ నచ్చలేదు. తెలియనప్పుడు తెలియదని చూపించాలి గాని ఉందని చూపించకూడదు. అలా అన్నాక నా మాట నాకే గుచ్చుకుంది. నేను రిజిస్టరులో వ్రాసిందీ అలాంటిదే.

ఇంకొక సాక్ష్యం కూడా దొరికింది. ఈ మేనేజరు చేసే ప్రతి పనీ తారీఖు, టైముతో సహా ఒక చిట్టాలో వ్రాసుకుంటుంది. సార్ ఒకటో నంబరులో ఆ శనివారం చిట్టా తీశారు. మామూలుగా ఉంటే కనెక్టెడ్ గ్లోబల్ అని ఉంటుంది. అంటే ప్రపంచం దాకా దారి ఉంది అని. బయటి లైను పోతే కనెక్టెడ్ సైట్ అని మారుతుంది. అంటే ఇక్కడిదాకే అని. ఆ రోజు అది మారిన టైము మూడు గంటల యాభై రెండు నిమిషాలు. ఆరో తరగతి ల్యాబులోకి వచ్చింది నాలుగింటికి. పెన్సిలు పడక ముందే లైను పోయింది. ఆ సంగతి చిట్టాలో రెండు వారాల నుంచి ఉంది. మేమెవ్వరం చూడలేదు.

ఆ సాయంత్రమే నేను ఆరో తరగతి గదికి వెళ్ళాను. ఆమె గోడ దగ్గర పెట్టె మీద కూర్చొని తల దువ్వుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది. అలా లేచి నిలబడటం నాకు ఇంకా సిగ్గనిపించింది. నేను "నువ్వు లాగలేదు. నాదే తప్పు. నన్ను క్షమించు" అన్నాను. ఆమె కాసేపు నేల చూసి, "లాగితే బాగయ్యేదా అక్కా?" అంది. పరీక్ష సంగతి ఆమె చెవిన అప్పటికే పడినట్టుంది. అయ్యేదన్నాను. "అయితే లాగాల్సింది" అంది. పక్కన ఉన్న పిల్లలు నవ్వీశారు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు ఎందుకు మాట్లాడలేదని అడిగాను. "సవరలో చెప్పాను అక్కా. ఎవరూ వినలేదు" అంది. అవును, ఏదో అంది. నేను అది వినలేదు, గొణుగుతోందనుకున్నాను. మనం ప్రతి ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేస్తాము. వారు పర్లాకిమిడిలో ఉండి సవరల దగ్గర కూర్చొని సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని బడులు పెట్టారు, 1931లో సవర భాష మీద పుస్తకం వేశారు అని పోయినేడు నేనే స్టేజి మీద ఉపన్యాసం చెప్పాను. పెద్ద బహుమతి కూడా వచ్చింది. మా జాతాపు వాళ్ళం ఇప్పుడు ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుతాము, అందుకని హాస్టల్లో మాకు నోరు ఎక్కువ. సవర తెలిసిన అక్కలు పదో తరగతిలో ఇద్దరున్నారు. ఒకర్ని పిలిస్తే సరిపోయేది.

ఇప్పుడు మూడో నంబరును ఎలా బాగుచేశామో వ్రాస్తాను. ఆ మూట దింపడానికి నెట్టు కావాలి, ఆ రోజు లైను మళ్ళీ లేదు. అందుకని తీగ లాగీసి, సార్ ఫోను మీద మూట దింపాము. తీగ లాగింది ఆ చెల్లే. సార్ కావాలనే ఆమెతో లాగించారు. లైను బాగుపడ్డాక తీగ గుచ్చి మళ్ళీ రెండో పరీక్ష పెట్టాము. సార్ ఫైబరు తీశారు. రెండో గడిలో అందరం "వెంటనే ఫోనుకు మారుతుంది" అని వ్రాశాము. మారలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు... మా మొహాలు మాడిపోయాయి. నాలుగు నిమిషాలు దాటాక మారింది. మళ్ళీ చేస్తే నిమిషం ముప్పావులో మారింది. మూడోసారి మూడు నిమిషాలు. నాలుగోసారి ముప్పై ఐదు సెకన్లే.

ఒకే పనికి ఇన్ని రకాల టైములేమిటని నా స్నేహితురాలికి కోపం వచ్చింది. నేను రాత్రి పడుకొని ఆలోచిస్తే తెలిసింది. పాలకొండ బస్సు అయిదు నిమిషాలకొకటి వస్తుందనుకోండి (రాదు, అనుకోండి). నేను రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు అప్పుడే ఎల్లిపోయి ఉంటే అయిదు నిమిషాలు నిలబడాలి. వస్తూ ఉంటే ఎక్కీయడమే. నెట్‌వర్క్ మేనేజర్ ఆ చిన్న పేజీని 300 సెకన్లకొకసారి అడుగుతుంది. అంటే అయిదు నిమిషాలు. సార్ ఫైబరు తీసింది అడగడానికి ముందా, అడిగీసిన వెంటనేనా అన్నదాన్ని బట్టి టైము మారుతోంది. పొద్దున్నే సార్‌కు చెప్తే, "ఇది పుస్తకంలో లేకుండా నువ్వే కనిపెట్టావు" అన్నారు. (పుస్తకంలో ఉంది. తరువాత చూశాను. అయినా ఆ మాటకు ఆ రోజంతా ఆనందంగా ఉంది.)

శనివారం ఒక్కొక్కరికి మూడు నిమిషాలైతే, మారడానికి అయిదు నిమిషాలు పడితే ఒకటిన్నర మంది వంతుకు పైగానే పోతుంది. అందుకని సెట్టింగుల ఫైలులో ఆ 300ను 60 చేశాము. మళ్ళీ నాలుగుసార్లు ఫైబరు తీయించాము. ఇప్పుడు ఎప్పుడూ నిమిషంన్నర దాటలేదు. గడియారం పట్టుకున్నది ఆ చెల్లి. నేను "నాలుగు నిమిషాలు" అని వ్రాస్తే "నాలుగు నిమిషాల పది సెకన్లు అక్కా" అని దిద్దించేది. నా కంటే కచ్చితం.

ఈ ప్రోగ్రాము తయారుచేసేవాళ్ళు కూడా ఇలాగే పరీక్షలు పెడతారని సార్ చూపించారు. వాళ్ళ పరీక్షలు వేరే ఒక సంచిలో పెట్టి ఉన్నాయి, ఎవరైనా చదవొచ్చు. అవి ఇంగ్లీషు వాక్యాల్లాగే ఉన్నాయి. ఫలానా కనెక్షను చేర్చు, ఫలానాది తెంచు, అప్పుడు ఇన్ని సెకన్లలోపల ఇది కనబడాలి అని. మన మూడు గడుల లాగే! సెకన్లు కూడా ముందే వ్రాసి ఉంటాయి. వాళ్ళు మనలాగ బల్ల కింద దూరరు. కంప్యూటరు లోపలే ఉత్తుత్తి తీగలు సృష్టించి వాటిని లాగుతారు. ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినా ఆ పరీక్షలు మళ్ళీ పెడతారట, ఇంతకుముందు బాగున్నది ఇప్పుడు చెడిందేమో అని. నేను ఉత్తుత్తి తీగ అనే మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

మేము కూడా వాళ్ళకు ఒక రిపోర్టు పంపాలని పెద్ద ఉత్సాహంగా వ్రాశాము. మా మూడు గడులనూ సార్ ఇంగ్లీషులో పెట్టించారు. రెండు రాత్రులు పట్టింది. పంపేముందు "మాన్యువల్ చూశారా?" అన్నారు. చూడలేదు. చూస్తే జరిమానా సంగతి, 300 సెకన్ల సంగతి అన్నీ అందులో ఉన్నాయి. ఇది ప్రోగ్రాము తప్పు కాదు, మన మూడో నంబరులో ఒక మూట లేకపోవడమే. కాబట్టి రిపోర్టు పంపలేదు. నా స్నేహితురాలు రెండు రోజులు సార్‌తో మాట్లాడలేదు. ముందే చెప్పొచ్చు కదా అని దాని బాధ. నాకూ అలాగే అనిపించింది గాని, ముందే చెప్తే మేము చేసేవాళ్ళం కాము.

ఇంకో పని మాత్రం నడుస్తోంది. మూడో నంబరులో భాష తెలుగు పెడితే సగం తెలుగు, సగం ఇంగ్లీషు వస్తోంది. ఇంగ్లీషుగా మిగిలిపోయిన వాటిని నోటుబుక్కులో దింపి తెలుగు చేస్తున్నాము. అయ్యాక తెలుగు చేసేవాళ్ళకు పంపుతామని సార్ అన్నారు. అన్నిటికంటే కష్టం, తీగ ఉండి నెట్టు లేనప్పుడు వచ్చే మాట. తెలుగు మేడమ్ గారు "పరిమిత అనుసంధానము" అన్నారు. నా స్నేహితురాలు "అరకొర నెట్టు" అంది. వంట అక్క తలుపు దగ్గర నిలబడి వింటోంది, "లైనుంది, నెట్టు నేదు అని రాసీయండి, అందరికీ తెలుస్తాది" అంది. నా ఓటు వంట అక్కకే. ఆ చెల్లి దాన్ని సవరలో కూడా చెప్పింది. సవరకు సోరాంగ్ సోంపెంగ్ అని సొంత లిపి ఉంది, అది 2012లో కంప్యూటర్ల అక్షరాల పట్టీ యూనికోడ్‌లో చేరింది. మాకెవరికీ ఆ అక్షరాలు రావు. తెలుగు అక్షరాల్లో పెడితే పలుకు తేడా వస్తోందని ఆమె ఒప్పుకోలేదు. ఆ గడి ఖాళీగా ఉంచాము.

రిజిస్టరు సంగతి. ఆ లైను కొట్టెయ్యనా అని మేడమ్ గారిని అడిగాను. కొట్టెయ్యొద్దు, దాని కింద వ్రాయి అన్నారు. ఇలా వ్రాశాను: "పై మాట తప్పు. లైను 3–52కే పోయినది. ఈమె తీగ లాగలేదు. పరీక్షించకుండా వ్రాసినది నేను." నా సంతకం, తారీఖు పెట్టాను. మేడమ్ గారు కూడా సంతకం పెట్టారు. పోయిన రెండు శనివారాల వంతు కూడా కలిపి ఆ చెల్లికి తొమ్మిది నిమిషాలు ఇచ్చారు. ఆ రోజు గాలి లేదు, లైను బాగానే ఉంది. ఆమె వాళ్ళ అన్నతో సవరలో మాట్లాడుతుంటే నేను తలుపు బయట గడియారం పట్టుకొని నిలబడ్డాను. తొమ్మిది దాటి పదకొండు అయింది. నేను చెప్పలేదు.

వచ్చే ఆదివారం నాలుగో పరీక్ష ఉంది. ఫైబరు తీసి, సార్ ఫోను కూడా ఆపీస్తాము. రెండు దారులూ లేకపోతే మూడో నంబరు ఏం చూపిస్తుందో చూడాలి. రెండో గడి ఈసారి ఆ చెల్లి వ్రాసింది. "ఏటీ అవ్వదు" అని వ్రాసింది. మూడో గడి ఇంకా ఖాళీ. చూడాలనుకునేవాళ్ళు పదింటికి రండి, చెప్పులు బయట విప్పండి, తెల్ల డబ్బా జోలికి మాత్రం పోకండి.